సగం మాట ఆయనది

ఆసుపత్రి అతిథిగృహం, పై అంతస్తు గది

అమ్మడూ,

ఫోను చేయకుండా ఈ ఉత్తరమేమిటని మొహం చిట్లించకు. ఫోనులో మాట్లాడాలంటే మీ అన్నయ్య పక్కనే ఉంటారు. ఆయన గురించి ఆయన వింటుండగానే, అక్కడ మనిషే లేనట్టు మాట్లాడటం నాకు చేతకావడం లేదు. పోనీ బయటికి వచ్చి మాట్లాడదామంటే, తిరిగి వెళ్ళేదాకా కళ్ళు తలుపు మీదే పెట్టుకుని ఉంటారు. అందుకని ఆయన కునుకు తీసే మధ్యాహ్నాల్లో ఇలా రాస్తాను. నువ్వూ రాయి.

ఆపరేషన్ బాగా జరిగింది. చెవికి కాస్త పైన, జుట్టు తీసేసినచోట, కోటు బొత్తాం అంత లోహపు బిళ్ళ అమర్చారు. దానికి తీగ తగిలిస్తారు. లోపల మెదడు మీద పల్చటి రేకు పరిచారట. నాలుక, పెదవులు కదిపి మాట్లాడాలని ఆయన ప్రయత్నించినప్పుడు అక్కడ పుట్టే సంకేతాలను ఆ రేకు పట్టుకుంటుంది. కంప్యూటరు వాటిని మాటలుగా మార్చి తెర మీద చూపిస్తుంది, పైకి చదువుతుంది కూడా. నోరు కదలనక్కర్లేదు. నాకు అర్థమైనంత ఇదీ. ఇంకా అడిగితే ఇక్కడున్న కళ్ళజోడు ఇంజనీరు కాగితం తీసి బొమ్మలు గీస్తాడు, ఉన్న తెలివి కాస్తా పోతుంది.

స్ట్రోకు వచ్చినప్పటి నుంచీ మాకు కళ్ళే భాష కదా. పైకి చూస్తే అవును, మూస్తే కాదు. అన్నం ముద్ద దగ్గర్నుంచి ఫ్యాను దాకా అన్నీ ఆ రెండిట్లోనే. ఇప్పుడు తెర మీద మాటలు వస్తున్నాయి అమ్మడూ! వారాల తరబడి వాళ్ళు చూపించిన మాటల్నే మనసులో పలికీ పలికీ, నిన్న మొదటిసారి సొంతంగా మాట్లాడారు. "నేను బాగున్నాను. అందరికీ కృతజ్ఞతలు." పెద్ద డాక్టరమ్మ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. నేనైతే మంచం పట్టె పట్టుకుని అలాగే కింద కూర్చుండిపోయాను.

ఈ ఉదయం నీ గురించి కూడా చెప్పారు. "చెల్లిని ఇప్పుడు రావద్దని చెప్పు. ప్రయాణం కష్టం." కాబట్టి ఈ కబురు చూసి పెట్టె సర్దుకోకు. కాస్త కోలుకోనీ.

మీ వదిన

*

కోర్టు క్యాంటీన్, భోజనం వేళ

వదినా,

నీ ఉత్తరం టైపు మిషన్ పక్కన పెట్టుకుని, సాక్షి కోసం ఎదురుచూస్తున్న ఆ కాస్త వ్యవధిలో చదివాను. ఏడుపు ఆగలేదు. వకీలొకాయన కంగారుపడి "ఏమ్మా, ఇంట్లో ఎవరైనా..." అన్నాడు. "కాదండీ, మా అన్నయ్య మాట్లాడాడు" అన్నాను. ఆయనకేం అర్థమై ఉంటుంది?

భోజనాల దగ్గర మళ్ళీ చదివాను. ఈసారి ఏడుపు రాలేదు.

అన్నయ్య "కృతజ్ఞతలు" అన్నాడా? మా అన్నయ్యేనా? లిఫ్టు మధ్యలో ఆగిపోయి, ఊపిరాడక అరుస్తున్న వాళ్ళను బయటికి లాగితే, వాళ్ళు చేతులు పట్టుకుని దండాలు పెడుతుంటే "ముందు బోర్డు మీద బరువెంతో చదివి ఎక్కండి" అని కసిరిన మనిషి. నా పరీక్షలు గట్టెక్కినప్పుడు ఆయన మెచ్చుకోలు ఏమిటో తెలుసా? "ఊఁ." అంతే. ఆ ఊఁ కోసం నేను సంవత్సరమంతా చదివాను.

కోపం తెచ్చుకోకు. సాక్షుల వాంగ్మూలాలు టైపు చేసే నా పని అలాంటిది. సాక్షి "ఏమోనండీ, చూసినట్టే ఉంది" అంటాడు. వకీలు వెంటనే "అంటే చూశావన్నమాట" అంటాడు. సాక్షి తల ఊపుతాడు. ఊపిన తల వకీలు మాటకా, తన మాటకా? రోజంతా ఈ గొడవలోనే ఉంటాను. మనిషి నోటి మాటకూ, పక్కవాడు అందించిన మాటకూ తేడా నా చెవికి తెలుస్తుంది.

రావద్దన్నాడా? "ప్రయాణం కష్టం" అన్నాడా? అన్నయ్యకు నా కష్టం ఎప్పుడు పట్టింది! ఒక్కసారి తెర సంగతి పక్కన పెట్టి కళ్ళతో అడిగి చూడు వదినా. రావాలా, వద్దా అని. అంతే.

అమ్మడు

*

అతిథిగృహం

అమ్మడూ,

కళ్ళతో అడగమన్నావు. అడగను.

ఇన్నాళ్ళూ ప్రతి మాటా ఆయన రెప్పల దగ్గర ముష్టెత్తుకున్నాం. ఇప్పుడు ఆయన నోరు తెరిచి, నోరు కాకపోతే మరేదో తెరిచి, ఒక మాట అంటే, "నిజంగా మీరేనా అన్నది?" అని నిలదీయమంటావా? ఆయనేమైనా మీ కోర్టు బోనులో నిలబడ్డ మనిషా?

మనిషి మారడా? కదలకుండా పడుకుని పైకప్పు చూస్తూ అన్నాళ్ళు గడిపినవాడికి కృతజ్ఞత పుట్టకూడదా? నాకు పొద్దున "నువ్వు బాగా చూసుకుంటున్నావు, అలసిపోకు" అని చెప్పారు. పెళ్ళయినప్పటి నుంచీ ఆ మాట కోసం చెవులు కోసుకున్నాను. ఇప్పుడు నువ్వొచ్చి అది ఆయన మాట కాదంటే నేను ఎక్కడికి పోవాలి?

అసలు సంగతికి వస్తాను. డాక్టరమ్మ రెండో ఆపరేషన్ అంటున్నారు. ఈసారి చెయ్యి కదిపే భాగం మీద ఇంకో రేకు పెడతారట. చక్రాల కుర్చీ ఆయనే నడుపుకోవచ్చు, లైటు, తలుపు, పిలుపుగంట లాంటివి ఆయనే నొక్కుకోవచ్చు. కానీ చోటు సున్నితమైనది. రక్తస్రావం అయితే ఉన్నది కూడా పోవచ్చు, కళ్ళ కదలికతో సహా. ఇది వాళ్ళు దాచకుండానే చెప్పారు. ఆయన్ని అడిగితే తెర మీద వచ్చింది, "అంగీకరిస్తున్నాను. దయచేసి కొనసాగించండి."

సంతకం చేయలేని మనిషి కాబట్టి ఇది ఆయన ఇష్టమేనని ఇంటివాళ్ళు ఇద్దరు సాక్షి సంతకం పెట్టాలి. ఒకటి నాది, రెండోది నీది. కాగితాలు నీకు వస్తాయి. పెట్టి పంపు.

వదిన

*

ఇల్లు

వదినగారికి,

కాగితాలు అందాయి. సంతకం పెట్టడం లేదు.

మీరు రాసిన మాటలు పదే పదే చదివాను. "అంగీకరిస్తున్నాను. దయచేసి కొనసాగించండి." అన్నయ్య జీవితంలో ఎవరినీ దయచేసి అనలేదు. అది కాగితం మీద అచ్చువేసే భాష. లేకపోతే మీ భాష. ఉన్నదున్నట్టు అంటున్నాను, మీకు మర్యాద మాటలు అలవాటు. కృతజ్ఞతలు, అలసిపోకు, ప్రయాణం కష్టం. ఇవన్నీ మీ నోట విన్నవే, అన్నయ్య నోట ఒక్కటీ విన్నది కాదు.

నేను వస్తానంటే వద్దన్న మాట తెర మీద వస్తుంది. కళ్ళతో అడగమంటే మీరు అడగరు. మీరిద్దరూ ఉండే గది, తిండి, నర్సు, అన్నీ ఈ యంత్రాన్ని పరీక్షిస్తున్న ఆ పరిశోధన వాళ్ళు చూస్తున్నారు. రెండో ఆపరేషన్ లేదంటే అవన్నీ ఉంటాయా? ఈ ప్రశ్న నా నోటితో అడిగించారు మీరు.

మా అన్నయ్య నోట్లో ఎవరో కూర్చుని మాట్లాడుతున్నారు. అది యంత్రమో, మీరో నాకు తెలియదు. తెలిసేదాకా ఊరుకోను. ఇక్కడ తెలిసిన లాయరుగారి చేత డాక్టరుగారికి ఉత్తరం రాయించాను. రోగి సమ్మతి ఆయనదేనని రుజువు చూపించందే కత్తి పట్టకూడదని.

ఇట్లు,
మీ ఆడపడుచు

*

అతిథిగృహం

మీ లాయరుగారి ఉత్తరాన్ని డాక్టరమ్మ అందరి ముందూ నా చేతిలో పెట్టారు. నర్సులు చూస్తున్నారు. వాళ్ళ దృష్టిలో నేనేమయ్యానో మీకు తెలియకపోవచ్చు.

ఆయనకు రోజూ గడ్డం గీసేది, గొంతులో ఉమ్మి అడ్డుపడకుండా గొట్టం పెట్టి తీసేది, వీపు పుండ్లు పడకుండా పక్కకు తిప్పేది ఆ యంత్రం కాదు. ఈ చేతులు. ఈ చేతులు ఆయన నోట్లో మాటలు కూడా పెడుతున్నాయని అన్నారు మీరు.

ఇక రాయడానికి ఏమీ లేదు.

*

అతిథిగృహం

అమ్మడూ,

ఇక రాయనన్నాను. రాస్తున్నాను. మధ్యలో చాలా జరిగింది. చదివాక నన్నేమన్నా పడతాను.

నీ మీద కోపంతో కొన్నాళ్ళు ఒళ్ళు తెలియలేదు. ఆ కోపమే ఒకరోజు ఆయన్ని తుడుస్తుండగా నా నోటివెంట వచ్చేసింది. స్నానం వేళ తీగలు తీసేస్తారు, తెర ఉండదు. వేడినీళ్ళ గుడ్డతో మెడ రుద్దుతూ, "రావద్దని చెప్పి మంచిపని చేశారు, మీ చెల్లి నన్ను కోర్టుకు ఈడ్చేట్టుంది" అన్నాను.

ఆయన కళ్ళు మూశారు. సబ్బు పడిందేమోనని తుడిచాను. తెరిచి నన్నే చూసి, మళ్ళీ మూశారు. గట్టిగా.

"ఏమిటి కాదు? రావద్దని అనలేదా?" అన్నాను.

కళ్ళు పైకి లేపారు.

"అంటే... రమ్మనే అన్నారా?"

మళ్ళీ పైకి. అట్లాగే ఉంచేశారు, నాకు అర్థమయ్యేదాకా.

నా చేతిలో గుడ్డ చల్లారిపోయింది. ఆపరేషన్ గురించి అడుగుదామనుకున్నాను. నోరు రాలేదు. భయం వేసింది. ఎందుకు భయమో తరవాత చెప్తాను.

తిన్నగా కళ్ళజోడు ఇంజనీరు దగ్గరికి వెళ్ళాను. అతను దాచలేదు. దాచాల్సిన విషయమని కూడా అతనికి తోచలేదు. ఫోనులో మనం మాట మొదలుపెడితే మిగతాది అదే అందిస్తుంది చూడు, అలాంటిదే దీంట్లోనూ పెట్టారట. ఆయన మెదడు నుంచి వచ్చే సంకేతం ఒక్కోసారి బలహీనంగా ఉంటుంది. అప్పుడు మాట మొదలు ఆయనది, మిగతాది కంప్యూటరు అంచనా. "నచ్చకపోతే కొట్టేయవచ్చండీ, పళ్ళు బిగించాలని అనుకుంటే చాలు, చెరిపేస్తుంది" అన్నాడు.

"చెరిపాక?"

"మళ్ళీ మొదట్నుంచి చెప్పాలి."

ఒక్క మాట పలకడానికి ఆయనకు నుదుటి మీద చెమట పడుతుంది అమ్మడూ. రెండుసార్లు చెరిపి, మూడోసారి కూడా అదే వస్తే, పోనీలే ఏడవనీ అని వదిలేస్తున్నారన్నమాట. మేమేమో ఆ వదిలేసిన మాటలకు చప్పట్లు కొడుతున్నాం.

"మరి ఆ అంచనా ఎక్కడ నేర్చుకుంది?" అని అడిగాను. "మీరిచ్చిందే కదండీ, సారు ఫోను" అన్నాడు. ఆపరేషన్‌కు ముందు ఆయన మాటతీరు తెలియాలి, రాసినవి ఏమైనా ఉంటే ఇవ్వమన్నారు. ఆయన ఏనాడు రాశారు? ఉన్నదల్లా ఫోనులోని మెసేజ్‌లు. అది తీసి ఇచ్చేశాను.

ఇంజనీరు కంప్యూటరులో వాటిని తెరిచి చూపించాడు. చూస్తూ చూస్తూ నాకు నవ్వు వచ్చింది. తరవాత నవ్వు ఆగిపోయి, అక్కడున్న స్టూలు మీద కూర్చుండిపోయాను. ఆయన ఫోను ఆయన ఎప్పుడు పట్టుకున్నారు? లిఫ్టులు బాగుచేసే గ్రీజు చేతులు. "నువ్వే ఏదో ఒకటి కొట్టి పడేయ్" అనేవారు. బంధువుల శుభాకాంక్షలు, పరామర్శలు, ఇంటి ఓనరుకు జవాబులు, అన్నీ నేను కొట్టినవే. నువ్వు వస్తానని పెట్టినప్పుడల్లా, "దానికి సెలవెక్కడిది, వద్దను" అనేవారు. నేను దాన్ని కాస్త మెత్తగా చేసి "ఇప్పుడు రావద్దమ్మా, ప్రయాణం కష్టం" అని పెట్టేదాన్ని. ఎన్నిసార్లు పెట్టి ఉంటానో. ఆ యంత్రానికి చెల్లి అనగానే ఏం గుర్తొస్తుంది మరి?

నువ్వు అన్నది నిజమే. ఆయన నోట్లో కూర్చుని మాట్లాడుతున్నది నేనే. నాకు తెలియకుండా.

"అలసిపోకు" అన్న మాట కూడా నాదే కాబోలు. నాకు నేనే చెప్పుకున్నాను.

వదిన

*

ఇల్లు

వదినా,

ఉత్తరం అందాక రెండురోజులు ఏమీ రాయలేకపోయాను. క్షమించమని రాస్తే నువ్వు వెంటనే క్షమించేస్తావు, అది నాకు ఇష్టం లేదు. ఎదురుగా వచ్చి అడుగుతాను. లాయరుగారికి మాత్రం ఇక ఏమీ పంపవద్దని చెప్పేశాను.

ఒక్క సంగతి చెప్పు. నేను మా ఆయన ఇంటి నుంచి పెట్టె పట్టుకుని బయటపడి, బస్టాండులో కూర్చున్న రోజు అన్నయ్య ఫోను నుంచి ఒక మెసేజ్ వచ్చింది. "ముందు గది నీకు ఖాళీ చేశాం. ఎందుకు వచ్చావని ఈ ఇంట్లో ఎవరూ అడగరు." నేను ఆ రోజు ఇంటికి రావడానికి అదే కారణం. లేకపోతే ఎటు పోయి ఉండేదాన్నో. అప్పటి నుంచీ అన్నయ్య ఎంత కసిరినా నాకు కోపం రాకపోవడానికీ అదే కారణం.

అది ఎవరిది?

ఇంకొకటి. ఆపరేషన్ గురించి అడగడానికి భయం వేసిందన్నావు. అది కూడా చెప్పు. దాచకు.

అమ్మడు

*

అతిథిగృహం

అమ్మడూ,

ముందు ఆ రోజు మాట. నీ ఫోను రాగానే ఆయనకు చెప్పాను. పళ్ళెం ముందు నుంచి లేచి, ముందు గదిలో ఉన్న తన పనిముట్ల పెట్టెలు ఒక్కొక్కటే వరండాలోకి మోసుకెళ్ళారు. నోరు విప్పలేదు. చివరికి "దానికి రాయి" అన్నారు. ఏం రాయాలో చెప్పలేదు. నేను రాశాను. ఇక అది ఎవరిదో నువ్వే తేల్చుకో.

ఇప్పుడు భయం సంగతి. నాకు ఆ ఆపరేషన్ ఇష్టం లేదు. మొదట్నుంచీ లేదు. ఆ రెప్పలు కూడా ఆగిపోతే ఆయన ఉన్నారో లేదో నాకెలా తెలుస్తుంది? కానీ ఆయన ఒప్పుకున్నాక అడ్డుపడితే నేను చెడ్డదాన్నవుతాను. అందుకే నీకు కాగితాలు పంపమన్నాను. నువ్వు సంతకం పెట్టవని లోపల ఎక్కడో గంపెడాశ. ఇంజనీరు అసలు విషయం చెప్పగానే మొదట సిగ్గుపడ్డాను, ఆ వెంటనే ప్రాణం లేచొచ్చింది. అయితే ఆ "అంగీకరిస్తున్నాను" కూడా ఆయనది కాదన్నమాట!

మర్నాడు డాక్టరమ్మతో, ఆ అందించే ఏర్పాటు ఆపేయమన్నాను. ఆమెకు నచ్చలేదు.

"అది ఆపితే మాట నత్తనడక అవుతుంది. సగం తప్పులు వస్తాయి. ఆయనే విసిగిపోతారు. పైగా వచ్చేవారం చూడటానికి బయటి నుంచి పెద్దవాళ్ళు వస్తున్నారు" అంది.

"వాళ్ళు ఎవరి మాట వినడానికి వస్తున్నారండీ? ఆయనదా, నాదా?" అన్నాను.

ఆమె చెడ్డమనిషి కాదు. నిజానికి మొహం పాలిపోయింది. "ఆ ఫోను ఆయన వాడతారనే అనుకున్నాం. మేము అడగాల్సింది" అని, తనే వెళ్ళి ఇంజనీరుతో ఆపించింది.

ఆ మధ్యాహ్నం నీకెలా చెప్పను! తెర మీద ఒక్కో అక్షరం దొర్లుతోంది. కొన్ని అర్థం లేనివి. చెరుపుతున్నారు, మళ్ళీ మొదలెడుతున్నారు. చివరికి నిలిచిన మొదటి మాట, "గొంతు ఆపు. వెధవ గొంతు."

ఆ యంత్రం వార్తలు చదివినట్టు తియ్యగా పలుకుతుంది కదా, అదంటే మొదట్నుంచీ మంటట! ఇంజనీరు గబగబా స్పీకరు తీసేశాడు. నాకు నవ్వాగలేదు. మీ చెల్లి గురించి చెప్పండి అంటే, "రమ్మను. ఏడిస్తే పంపెయ్."

అప్పుడు అడిగాను. ధైర్యంగానే అడిగాను, జవాబు నాకు తెలుసనుకుని. "రెండో ఆపరేషన్ వద్దు కదా?"

"కావాలి."

చెరుపుతారేమోనని చూశాను. చెరపలేదు.

"ప్రాణానికే ముప్పని చెప్పారు కదా."

"విన్నా."

"ఎందుకండీ? ఏం కావాలన్నా నేను ఉన్నాను కదా. లైటు వేస్తాను, కుర్చీ తోస్తాను..."

నుదురు తుడవబోతే కళ్ళు మూశారు, వద్దని. తరవాత వచ్చింది. "ఒక్కణ్ణే ఉండాలి. కాసేపు."

"నాకు దూరంగానా?" అన్నాను.

"అందరికీ." ఆగి, ఇంకా వచ్చింది. "నీకు కూడా."

ఇంజనీరు తల దించుకుని ఏదో వెతుకుతున్నట్టు నటించాడు. డాక్టరమ్మ కిటికీ వైపు తిరిగింది.

అమ్మడూ, రాత్రంతా దీని మీద ఎన్ని రకాల అనుమానాలు పడాలో అన్నీ పడ్డాను. తీగ సరిగా తగల్లేదేమో. అక్షరం తప్పిందేమో. పొద్దున తీగలు లేకుండా కళ్ళతో కూడా అడిగాను. పైకే చూశారు. అయినా నాకు తెలుస్తూనే ఉంది. ఆయన ఫోను నుంచి గానీ, నా ఫోను నుంచి గానీ, అలాంటి మాట నేను ఎవరికీ ఎప్పుడూ రాయలేదు. అది అంచనా వేసి అందించడానికి ఆ యంత్రానికి ఆధారమే లేదు.

ఆ కాగితాలు చింపేశావా? చింపకపోతే పట్టుకుని రా.

వదిన

*

ఇల్లు, తిరిగి వచ్చిన మర్నాడు

వదినా,

ఇంటికి చేరాను. బట్టలు కూడా సర్దకుండా రాస్తున్నాను.

అక్కడ నీకు చెప్పనిది ఒకటుంది. నువ్వు మందులకని కిందికి వెళ్ళినప్పుడు నేను అన్నయ్యను పరీక్ష చేశాను. అవును, అంతా తెలిశాక కూడా. ఇంజనీరుని బయటికి పంపి, తలుపు వేసి, "నిజం చెప్పు అన్నయ్యా, నిన్నెవరైనా బలవంతపెడుతున్నారా? వదిన గానీ, వీళ్ళు గానీ?" అని అడిగాను.

తెర మీద అక్షరాలు ఎంత నెమ్మదిగా వచ్చాయో. "మీ ఇద్దరే."

"మేమా? మేమేం బలవంతపెట్టాం?"

"అనుమానం. నా మాటకి. అందరూ వాసన చూస్తారు."

నాకు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. "నీ మంచికేగా" అన్నాను. అంటుంటేనే నా గొంతు నాకే అసహ్యంగా వినిపించింది. "వద్దంటే వెంటనే నమ్మేవాళ్ళు. కావాలంటే నమ్మరు" అన్నాడు. ఆ రెండు మాటలకు ఆయనకు ఎంతసేపు పట్టిందో, అంతసేపూ నేను నిలబడే ఉన్నాను. కుర్చీ ఉన్నా కూర్చోబుద్ధి కాలేదు.

అందుకే నువ్వు పైకి వచ్చేసరికి సంతకం పెట్టేసి ఉన్నాను. నువ్వు ఏమీ అడగలేదు. నీది కూడా పెట్టి, కలం మూత పెట్టి, వెంటనే పక్క దుప్పటి మార్చడం మొదలుపెట్టావు.

ఆపరేషన్ గది బయట మనిద్దరం అన్ని గంటలు ఒకే బెంచీ మీద కూర్చున్నాం. తలుపు తెరుచుకున్నప్పుడల్లా నువ్వు నా మణికట్టు పట్టుకునేదానివి. ఆ వేలిగుర్తులు ఇంకా మానలేదు. ఆయన్ని బయటికి తెచ్చి, డాక్టరమ్మ "పైకి చూడండి" అంటే వెంటనే చూడలేదు, గుర్తుందా? నీ మొహం వైపు చూడలేకపోయాను. తరవాత కళ్ళు పైకి లేచాయి. అప్పుడు కూడా నేను ఏమనుకున్నానో తెలుసా? అది డాక్టరమ్మ మాటకా, ఊరికే లేచాయా అని. ఈ బుద్ధి నాకు ఇప్పట్లో పోదు వదినా.

కుర్చీ నడపడం మొదలుపెట్టాక రాయి. ఉన్నదున్నట్టు రాయి. మెత్తగా చేయకు.

అమ్మడు

*

అతిథిగృహం

అమ్మడూ,

ఉన్నదున్నట్టే రాస్తున్నాను.

కుర్చీ నడుపుతున్నారు. బాగా నడుపుతున్నారని మాత్రం అనను. ఎడమకు అనుకుంటే ఎడమకు తిరుగుతుంది, ఆగమంటే ఒక్కోసారి ఆగదు. నడవాలో గోడ పొడవునా గీతలు పడ్డాయి. ఆయా బక్కెట్టు తన్నేశారు. ఆమె అరిస్తే, తెర మీద ఆయనన్న మాట నేను ఇక్కడ రాయను. ఆయా మాత్రం పడీపడీ నవ్వింది. సంకేతం కొన్ని పూటలు అసలే అందదు. అలాంటి రోజున ఆయన మొహం చూడలేం. రేకు ఎన్నాళ్ళు పనిచేస్తుందో డాక్టరమ్మ కూడా చెప్పలేకపోతోంది. చెప్పలేనని ఒప్పుకుంది, అదే నయం.

నిన్న పెద్ద పోట్లాట జరిగింది. నడవా చివర వాడని చిన్న గది ఒకటుంది, ఒక కిటికీ, ఒక బల్ల. అక్కడికి ఒంటరిగా వెళ్తానన్నారు. డాక్టరమ్మ వాళ్ళు సరేనన్నారు. అప్పుడు ఆయన అడిగారు. "నేను లోపలున్నప్పుడు రాసుకుంటుందా ఇది?"

ఇంజనీరు నీళ్ళు నమిలాడు. తీగ ఉన్నంతసేపూ సంకేతాలన్నీ నమోదవుతాయట. పరిశోధన కదా. "మీరు మాట్లాడకపోతే మాటలేం రావండీ" అన్నాడు.

"వాటినీ చూస్తావా?"

"చూస్తాం... అంటే, చూడటమంటే గీతలే..."

"ఆపు."

ఆపితే ఆ పూట లెక్కలు పోతాయని ఇంజనీరు, డాక్టరమ్మ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నా నోరు ఊరుకోలేదు. ఆయన తరఫున నాలుగు మాటలు అనబోయాను. ఆయన కుర్చీని సరిగ్గా నా కాళ్ళ ముందుకు తెచ్చి ఆపారు, మొదటిసారి ఎక్కడ అనుకున్నారో అక్కడే. నన్ను మాట్లాడవద్దని. తరవాత తనే చెప్పుకున్నారు. "కుర్చీ పని చెయ్యాలి. గంట పని చెయ్యాలి. మిగతాది ఆపు. లేకపోతే తీగ పీకెయ్, ఇంటికి పోతా."

సాయంత్రానికి డాక్టరమ్మ ఒప్పుకుంది. ఆ గదిలో ఉన్నంతసేపు ఏదీ నమోదు చేయరు, ఏదీ తెర మీదకు రాదు. కుర్చీ, తలుపు, గంట మాత్రమే. ఆ ఆపిన గుర్తు ఎక్కడ కనిపిస్తుందో నాకు చూపించమన్నాను. చూపించారు. నిజంగా ఆపారా లేదా అని మళ్ళీ వెళ్ళి చూశాను. నువ్వున్నా అదే చేసేదానివి.

ఈ రోజు పొద్దున వెళ్ళారు. తలుపు ఆయనే వేసుకున్నారు. నేను బయట బెంచీ మీద కూర్చున్నాను, గంట మోగే పెట్టె ఒళ్ళో పెట్టుకుని. చేయడానికి ఏ పనీ లేదు. ఆయనకు స్ట్రోకు వచ్చాక నా చేతులు ఇంత ఖాళీగా ఉండటం ఇదే. చెవులు మాత్రం తలుపుకే అతుక్కుపోయాయి. దగ్గినట్టు అనిపించింది. గొంతులో ఏదైనా అడ్డుపడిందా? గంట నొక్కుదామనుకుని నొక్కలేకపోతున్నారా? ఈ పెట్టె పనిచేస్తోందా? ఎన్నిసార్లు లేచి తలుపు పిడి మీద చెయ్యి వేశానో. ఆయా ఆ దారినే వెళ్తూ "సార్ లోపల ఏం చేస్తున్నారమ్మా?" అంది. "నాకు తెలియదు" అన్నాను. ఆ మాట అంటే నాకే వింతగా ఉంది.

చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. గంట మోగించలేదు, తనే వచ్చారు. కుర్చీ చక్రం గుమ్మానికి కొట్టుకుంది, వెనక్కు వెళ్ళి, మళ్ళీ ముందుకు వచ్చారు. గడ్డం మీద ఉమ్మి కారి ఎండిపోయి ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఏడ్చారా, నిద్రపోయారా, ఎండకేసి చూశారా, నాకు తెలియదు. మొహంలో మాత్రం ఒక తీరు ఉంది. పని నుంచి ఇంటికి వచ్చి, చెప్పులు విడిచే మనిషిలా.

గడ్డం తుడిచాను. లోపల ఏం ఆలోచించారని నోటి చివరిదాకా వచ్చింది. అడగలేదు.

నువ్వు కూడా అడగకు అమ్మడూ.

మీ వదిన